పొడుగు కుర్రాడు వచ్చాడహో!

అక్టోబరు నెల వచ్చేసరికి మీ ఆఫీసులో ఈ మాట వినే ఉంటారు. "ఈ ఏడు మా కాలేజీలో చేరిన ఫ్రెష్‌మన్‌ని చూశావా? ఆరడుగుల పది అంగుళాలట!" ఫ్రెష్‌మన్ అంటే కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థి. కాలేజీ తరఫున ఇంకా ఒక్క ఆట కూడా ఆడని ఆ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి గురించి, తల నెరిసిన మేనేజర్లు కూడా సొంత మేనల్లుడికి ఐఐటీలో సీటొచ్చినంత సంబరంగా మాట్లాడుకుంటారు. మన వాళ్ళలో చాలామంది నవ్వి ఊరుకుంటారు. కాలేజీ బాస్కెట్‌బాల్ మనకెందుకులే అనుకుంటారు.

నేను 2011 ఆగస్టు నుంచి 2013 మే వరకు లెక్సింగ్టన్‌లో, కెంటకీ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఎమ్మెస్ చేశాను. ఆ రెండేళ్ళలో ఆ ఊరికి ఇద్దరు పొడుగు కుర్రాళ్ళు వచ్చారు. ఇద్దరి మీదా ఊరంతా ఒకే రకంగా ఆశ పెట్టుకుంది. ఇద్దరి కథలూ వేరువేరుగా నడిచాయి. ఆ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పిచ్చి వెనక ఉన్న లెక్క ఏమిటో, ఆ లెక్కలో నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో బాగా తెలుస్తుంది.

ముందు కెంటకీ గురించి నాలుగు మాటలు. అప్పట్లో ఆ రాష్ట్రానికి పెద్ద ప్రొఫెషనల్ జట్టు ఏ ఆటలోనూ లేదు. ఉన్నదల్లా కాలేజీ బాస్కెట్‌బాల్. నేనున్న రోజుల్లో రప్ అరీనాలో ఇరవై మూడు వేలమందికి పైగా పట్టేవారు. సీజన్ మొదట్లో 'బిగ్ బ్లూ మ్యాడ్‌నెస్' అని ఒక వేడుక చేస్తారు. నిజానికి అది ఆట కాదు, అప్పట్లో అది మొదటి ప్రాక్టీసు! దాని టికెట్ల కోసం జనం క్యాంపస్‌లో గుడారాలు వేసుకుని రాత్రిళ్ళు పడుకునేవారు. హైదరాబాదులో కొత్త సినిమా మొదటి ఆటకు తెల్లవారుజామున థియేటర్ ముందు నిలబడినవాడిని కాబట్టి నాకు అది పెద్ద వింతగా అనిపించలేదు.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. పొడుగు కుర్రాడంటేనే ఎందుకంత గోల?

బాస్కెట్‌బాల్ రింగు నేలకు పది అడుగుల ఎత్తులో ఉంటుంది. అన్నిటికంటే తేలికగా పాయింట్లు వచ్చేది ఆ రింగు దగ్గరే. చురుగ్గా పరిగెత్తి, బంతిని నేర్పుగా ఆడించే గార్డులు ఈ దేశంలో కోకొల్లలు. ప్రతి హైస్కూల్లోనూ ఒకడుంటాడు. కానీ ఏడడుగులకు దగ్గరగా ఉండి, ఆ ఎత్తుతో తడబడకుండా అటూ ఇటూ కదలగలిగినవాళ్ళు చాలా తక్కువ. కోచ్ ఎంత గొప్పవాడైనా ఎత్తు నేర్పలేడు కదా! అందుకే హైస్కూలు పిల్లలకు మన ఎంసెట్ ర్యాంకుల్లాగా ర్యాంకులిచ్చే సంస్థల జాబితాల్లో అలాంటివాడు కనిపిస్తే పెద్ద కాలేజీల కోచ్‌లందరూ వాళ్ళ గుమ్మం ముందు వాలతారు.

ఈ ఆట నియమాలే పొడుగువాళ్ళను చూసి మారుతూ వచ్చాయి. 1940లలో జార్జ్ మైకన్, బాబ్ కర్లాండ్ అనే ఇద్దరు దిగ్గజాలు రింగు మీదికి దిగుతున్న బంతిని చేత్తో తీసేస్తుంటే, 1944లో కాలేజీ ఆటలో దాన్ని నిషేధించారు. 1965లో యూసీఎల్‌ఏ అనే కాలేజీలో లూ ఆల్సిండర్ చేరాడు. తరవాత కరీమ్ అబ్దుల్ జబ్బార్ అయిన మనిషి ఆయనే. అప్పట్లో ఫ్రెష్‌మన్‌లు కాలేజీ అసలు జట్టులో ఆడకూడదు, వాళ్ళకు వేరే జట్టు ఉండేది. ఆ పిల్లల జట్టు సొంత కాలేజీ పెద్దల జట్టునే 75-60తో ఓడించింది. ఆ పెద్దలు వరసగా రెండేళ్ళు జాతీయ ఛాంపియన్లు! ఆల్సిండర్ ఒక్కడే 31 పాయింట్లు చేశాడు. ఫ్రెష్‌మన్‌లు అసలు జట్టులో ఆడవచ్చని 1972లో గానీ అనుమతి రాలేదు.

ఇక మూడో ముడి 2005లో పడింది. అంతకుముందు హైస్కూలు నుంచి నేరుగా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్ళిపోయేవారు. కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ అలా వెళ్ళినవాళ్ళే. 2005 ఒప్పందంతో వయసు 19 నిండాలి, హైస్కూలు అయ్యాక ఒక ఏడాది గడవాలి అన్నారు. దాంతో అసాధారణమైన కుర్రాళ్ళు ఆ ఒక్క ఏడాదికి కాలేజీలో దిగడం మొదలైంది. వాళ్ళు వసంతంలో వెళ్ళిపోతారని అభిమానులకు ముందే తెలుసు. కొత్త అల్లుడు పండక్కి వచ్చినట్టన్నమాట. ఉన్న నాలుగు రోజులూ మర్యాదలే మర్యాదలు.

నేను వెళ్ళిన ఏడు వచ్చిన అల్లుడు ఆంథొనీ డేవిస్. షికాగో కుర్రాడు. రెండు కనుబొమలూ కలిసిపోయి ఒకే గీతలా ఉండేవి కాబట్టి ఊళ్ళో ఎక్కడ చూసినా ఆ కనుబొమ బొమ్మలే. అతని కథలో నాకు ముచ్చట కలిగించింది ఎత్తు కాదు, ఆ ఎత్తు వచ్చిన వేళ. హైస్కూల్లో చేరినప్పుడు అతను మామూలు గార్డు. బంతి ఆడించడం, దూరం నుంచి వేయడం, ఎవరు ఎటు కదులుతున్నారో చూడడం, అన్నీ గార్డుగా నేర్చుకున్నాడు. ఆ తరవాత హైస్కూలు మధ్యలో ఉన్నట్టుండి సుమారు ఎనిమిది అంగుళాలు పెరిగి ఆరడుగుల పది అంగుళాలయ్యాడు. చేతులు బారజాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి ఏడడుగుల అయిదంగుళాల పైమాటే. పొట్టివాడి పనితనం పొడుగువాడి ఒంట్లో ఉంది!

ఆ ఏడాది డేవిస్ 40 ఆటల్లో 186 సార్లు ఎదుటివాళ్ళ షాట్లను గాలిలోనే అడ్డుకున్నాడు. దీన్నే బ్లాక్ అంటారు. ఆటకు నాలుగున్నర పైచిలుకు. ఇంతేనా అనిపించవచ్చు. మా లేబ్‌లో కెంటకీలోనే పుట్టి పెరిగిన అబ్బాయి ఒకడుండేవాడు. బ్లాక్‌లు లెక్కపెట్టకు, వేయకుండా మానేసిన షాట్లు లెక్కపెట్టు అని నాకు పాఠం చెప్పింది అతనే. ఎదుటి గార్డు రింగు వైపు దూసుకొస్తాడు, డేవిస్ ఎక్కడున్నాడో ఓరగా చూస్తాడు, ఆగిపోతాడు, బంతిని వెనక్కి ఇచ్చేస్తాడు. ఆ క్షణం ఏ అంకెల పట్టికలోనూ కనబడదు. ఇంకో సంగతి, చాలామంది పొడుగువాళ్ళు బంతిని ప్రేక్షకుల్లోకి బాది చప్పట్లు కొట్టించుకుంటారు. అప్పుడు బంతి మళ్ళీ ఎదుటివాళ్ళకే వస్తుంది. డేవిస్ దాన్ని మైదానంలోనే ఉండేటట్టు మెల్లగా తట్టేవాడు, బంతి తన జట్టుకు చిక్కేది. 2011 డిసెంబరు 3న నార్త్ కెరొలైనాతో ఆటలో, కెంటకీ ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉండగా చివరి క్షణాల్లో జాన్ హెన్సన్ వేసిన షాటును అడ్డుకుని ఆ బంతిని తనే పట్టేసుకున్నాడు. 73-72. ఆ హెన్సన్ కూడా బాగా పొడుగు మనిషే!

2012 మార్చి 31న జాతీయ సెమీఫైనల్లో కెంటకీ తన బద్ధశత్రువు లూయివిల్‌ను 69-61తో ఓడించింది. ఏప్రిల్ 2న న్యూ ఆర్లీన్స్‌లో కాన్సాస్ మీద 67-59తో గెలిచి ఎనిమిదో జాతీయ టైటిల్ పట్టుకుపోయింది. ఆ ఫైనల్లో డేవిస్ పది షాట్లు వేస్తే ఒక్కటి పడింది, మొత్తం ఆరు పాయింట్లు. అయినా ఫైనల్ రౌండులో అత్యుత్తమ ఆటగాడు అతనే. రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతులు 16 పట్టాడు, ఆరు బ్లాక్‌లు, అయిదు అసిస్టులు, మూడు స్టీల్స్. ఒక్కటి తప్ప షాట్లేవీ పడకపోయినా ఆటను ఏలినవాడిని నేను మళ్ళీ చూడలేదు. ఆ రాత్రి మా అపార్టుమెంటు పక్క వీధుల్లో కుర్రకారు సోఫాలు తగలబెట్టారు. ఫోన్లో ఆ గోల విని మా అమ్మ "ఏమిట్రా, అక్కడా ఎలక్షన్లా?" అంది.

జూన్‌లో డేవిస్ ఎన్‌బీఏ డ్రాఫ్టులో మొదటి ఆటగాడిగా వెళ్ళిపోయాడు. అదే జట్టు నుంచి మొత్తం ఆరుగురు వెళ్ళారు. ఇల్లు ఖాళీ. ఊరికేమీ దిగులు లేదు. రెండోవాడు ఏప్రిల్‌లోనే మాటిచ్చేశాడు కదా!

అతను నెర్లెన్స్ నోయెల్. మసాచుసెట్స్ కుర్రాడు. ఎత్తుగా, పైన చదునుగా కత్తిరించిన జుట్టు. కెంటకీకే వస్తున్నానని టీవీలో చెప్పడానికి వెనక్కి తిరిగి, తల వెనక గొరిగించుకున్న కెంటకీ గుర్తును చూపించాడు. ఊరు ఊగిపోయింది. షాట్లు అడ్డుకోవడంలో డేవిస్ కంటే మెరుగన్నారు కొందరు. అది ఉత్త మాటేం కాదు. 2013 జనవరి 29న మిసిసిపీతో ఆటలో ఒక్కడే 12 బ్లాక్‌లు చేశాడు, కెంటకీ చరిత్రలోనే రికార్డు. కానీ ఆరడుగుల పది అంగుళాల ఆ ఒళ్ళు బాగా సన్నం. పైగా పక్కన ముందు ఏడాదిలాంటి జట్టు లేదు. మా భాషలో చెప్పాలంటే మొత్తం సైటును ఒకే సర్వరు మీద నడుపుతున్నారు, బ్యాకప్ లేదు.

ఫిబ్రవరి 12న ఫ్లోరిడాలో ఎదుటి ఆటగాడు ఒంటరిగా రింగు వైపు పరిగెత్తుతుంటే నోయెల్ వెనక నుంచి వెంటపడి షాటును అడ్డుకున్నాడు. దిగడం దిగడం ఎడమ మోకాలు మెలిపడింది. ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోయింది. అప్పటికే కెంటకీ వెనకబడి ఉంది. ఆ ఒక్క షాటును వదిలేస్తే పోయేది రెండు పాయింట్లే. కానీ ఏ గుణం చూసి ఊరంతా అతన్ని నెత్తిన పెట్టుకుందో, ఆ గుణమే అతన్ని ఆ బంతి వెంట పరిగెత్తించింది. నా మట్టుకు నాకు ఆ రెండేళ్ళలో డేవిస్ టైటిల్ కంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఈ పరుగే.

తరవాతి ఆటలో టెనెసీ చేతిలో 88-58. జాతీయ టోర్నమెంటుకు పిలుపే రాలేదు. రెండో స్థాయి టోర్నమెంటు ఎన్‌ఐటీలో, మార్చి 19న పెన్సిల్వేనియాలోని రాబర్ట్ మోరిస్ అనే చిన్న యూనివర్సిటీకి వెళ్ళి 59-57తో ఓడారు. వాళ్ళ ఊరికి ఎందుకెళ్ళారంటే, ఆ వారం రప్ అరీనాలో జాతీయ టోర్నమెంటు ఆటలు వేరే జట్లకు జరుగుతున్నాయి. సొంతింట్లో పెళ్ళి జరుగుతుంటే ఇంటివాళ్ళు సత్రంలో దిగినట్టు!

డ్రాఫ్టులో మొదటి స్థానం నోయెల్‌దే అని చాలామంది రాశారు. ఆరో స్థానం దక్కింది. తరవాతి సీజన్ మొత్తం ఆడలేదు. ఒకటో స్థానానికీ ఆరో స్థానానికీ తొలి ఒప్పందం జీతంలోనే తేడా మిలియన్లలో ఉంటుంది. మరి కాలేజీలో ఉన్నంతకాలం అతనికి ముట్టిందేమిటి? స్కాలర్‌షిప్పు, వసతి, భోజనం. అప్పటి నియమాలు అంత కఠినం. నేను రాకముందు ఏడు ఎనెస్ కాంటర్ అనే టర్కీ పొడుగు కుర్రాడు ఇక్కడే చేరాడు. స్వదేశంలో క్లబ్బు దగ్గర ఖర్చులకు మించి 33,033 డాలర్లు పుచ్చుకున్నాడని అతన్ని ఒక్క ఆట కూడా ఆడనివ్వలేదు. అదే ఏడాది, 2011లో, ఎన్‌బీఏ డ్రాఫ్టులో మూడో స్థానం వచ్చింది.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. ఆట చెడిపోయిందని మా ఆఫీసులో పాత అభిమానులు గొణుగుతుంటారు. ఆ రోజుల్లో నేను లేబ్‌లో గంటలు లెక్కగట్టి జీతం తీసుకున్న విద్యార్థిని. ఇరవై వేలమంది టికెట్లు కొని చూడ్డానికి వచ్చే కుర్రాడు ఊరికే పనిచేయాలన్న వాదన నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు.

వచ్చే నవంబరులో మీ ఊరి కాలేజీకి అలాంటి కుర్రాడెవరైనా వస్తే, పిల్లల్ని తీసుకుని ఒక ఆటకు వెళ్ళి చూడండి. సీజన్ మొదట్లో చిన్న జట్లతో ఆడతారు, పెద్ద ఆటలకంటే టికెట్లు చవక. కూర్చున్నాక ఆ కుర్రాడినే చూస్తూ ఉండిపోకండి. ఎదుటి జట్టు గార్డు బంతితో రింగు వైపు ఎంత దగ్గరగా వచ్చి ఆగిపోతున్నాడో చూడండి. ఆ కుర్రాడు బెంచీ మీదికి వెళ్ళగానే అదే గార్డు ఇంకెంత లోపలికి చొరబడుతున్నాడో కూడా చూడండి. మీ పక్క సీటాయన ఎందుకంత ఊగిపోతున్నాడో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.