సీడీ ప్లేయర్ కిట్: కూర్పు, సవరణలు, పఠనప్రామాణ్యం

వ్యాససంగ్రహం:

విడిభాగాల రూపంలో లభించే కిట్‌తో సీడీ ప్లేయర్‌ను స్వయంగా కూర్చుకోవడం, తర్వాత దానిలో మార్పులు చేసుకోవడం ఎలక్ట్రానిక్స్ అభిరుచి గలవారిలో చాలాకాలంగా ఉన్న వ్యాసంగం. సీడీపై శబ్దం ఏ రూపంలో ఉంటుంది, కిట్‌లోని ఏ భాగం ఏ పని చేస్తుంది, ఏ మార్పు వల్ల నిజంగా ఏం మారుతుంది అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. సీడీ ప్లేయర్ చేసే దోషసవరణకూ, గ్రంథపరిష్కరణకూ ఉన్న పోలికను చూపుతూ, మౌఖిక సాహిత్య పరిశోధకులకు ఉపకరించే ఒక సవరణను ప్రత్యేకంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: సీడీ ప్లేయర్, కిట్, లేజర్, దోషసవరణ, డీకోడర్, గడియార సంకేతం, మౌఖిక సాహిత్యం, గ్రంథపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:

ఫిలిప్స్, సోనీ సంస్థలు ఉమ్మడిగా రూపొందించిన కాంపాక్ట్ డిస్క్ 1982 అక్టోబరులో జపాన్ విపణిలోకి వచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాలలో సంగీతానికీ, ప్రసంగాలకూ, క్షేత్రపర్యటనలలో సేకరించిన కథాగానాలకూ అదే ప్రధాన ఆధారమయింది. ఒగ్గుకథ, బుర్రకథ, శారదకథల వంటి కళారూపాలపై పనిచేసిన పరిశోధకులు తమ సేకరణలను రాసుకునే సీడీలపై భద్రపరచుకోవడం పరిపాటి. నేడు కొత్త కంప్యూటర్లలో చాలావాటికి డిస్క్ డ్రైవ్ లేదు. దుకాణాలలో సీడీ ప్లేయర్లు అరుదయ్యాయి. పాత ప్లేయర్ చెడిపోతే బాగుచేసేవారు దొరకడం కష్టమవుతోంది. బీరువాలో డిస్కు ఉన్నా దాన్ని చదివే యంత్రం లేని స్థితి, తాళపత్రం ఉన్నా లిపి తెలిసినవారు లేని స్థితి వంటిదే. యంత్రాన్ని భాగాలుగా అర్థం చేసుకుని కూర్చుకునే విద్యకు ఈ సందర్భంలో అభిరుచిని మించిన ప్రయోజనం ఉంది.

2. డిస్కుపై శబ్దలేఖనం:

సీడీ 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలికార్బొనేట్ బిళ్ల. దానిపై శబ్దం అతిసూక్ష్మమైన గుంటల వరుసగా, లోపలి అంచు నుంచి బయటికి సాగే ఒకే సర్పిల రేఖలో ఉంటుంది. రేఖకూ రేఖకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. డెబ్బై నాలుగు నిమిషాల డిస్కులో ఈ రేఖ పొడవు 5 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దీనిని 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజర్ కిరణం చదువుతుంది. రేఖపై కిరణం సాగే వేగం సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య స్థిరంగా ఉండాలి. అందుకే లోపలి భాగాన్ని చదివేటప్పుడు డిస్కు నిమిషానికి సుమారు 500 సార్లు, బయటి అంచుకు చేరేసరికి సుమారు 200 సార్లు తిరుగుతుంది.

శబ్దతరంగాన్ని ప్రతి చానెల్‌లో సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా రాస్తారు. 44,100 అనే సంఖ్య యాదృచ్ఛికం కాదు. తొలినాళ్లలో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుపై భద్రపరచేవారు. సెకనుకు 60 క్షేత్రాలు, క్షేత్రానికి పనికివచ్చే 245 గీతలు, గీతకు 3 నమూనాలు చొప్పున లెక్కిస్తే ఈ సంఖ్యే వస్తుంది. రెండు చానెళ్లకు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు ప్లేయర్ నుంచి వెలువడాలి.

3. దోషసవరణ - గ్రంథపరిష్కరణ:

గీతలు, ధూళి, తయారీలోపాల కారణంగా ఏ డిస్కునూ పూర్తిగా నిర్దోషంగా చదవడం సాధ్యం కాదు. దీనికి పరిష్కారంగా 1960లో రీడ్, సాలమన్ అనే గణితవేత్తలు ప్రతిపాదించిన సంకేతవిధానాన్ని సీడీలో ఉపయోగించారు. శబ్దాన్ని చట్రాలుగా విభజించి, చట్రంలోని ప్రతి 24 బైట్లకూ 8 సరిచూపు బైట్లను జోడిస్తారు. అంతేకాక, ఒకచోట ఉండవలసిన బైట్లను వందకు పైగా చట్రాలలోకి వెదజల్లుతారు. డిస్కుపై ఒకచోట గీత పడితే, పోయినవి ఒకే మాటలోని అక్షరాలన్నీ కాక, అనేక వాక్యాలలో ఒక్కొక్క అక్షరం చొప్పున పోయినట్లవుతుంది. మిగిలిన అక్షరాల సాయంతో వాటిని గణితపరంగా తిరిగి రాబట్టవచ్చు. సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున రేఖ చెడినా మూలసమాచారాన్ని యథాతథంగా పొందగల శక్తి ఈ విధానానికి ఉంది.

నష్టం ఈ పరిధిని దాటితే ప్లేయర్ వేరొక మార్గం పడుతుంది. పోయిన నమూనాకు ముందువెనుకల ఉన్న విలువలను బట్టి మధ్యవిలువను ఊహించి నింపుతుంది. అదీ కుదరకపోతే క్షణకాలం మౌనం వహిస్తుంది. గ్రంథపరిష్కర్త పనితో దీనికి సన్నిహిత సామ్యముంది. లభ్యమైన ఆధారాలతో మూలపాఠాన్ని నిర్ధారించడం ఒకటి, గ్రంథపాతం ఉన్నచోట ఊహించి పూరించడం మరొకటి. బాధ్యతగల పరిష్కర్త ఊహాపూరణను కుండలీకరణంలో చూపుతాడు. సాధారణ సీడీ ప్లేయర్ అలాంటి గుర్తు ఏదీ పెట్టదు. మూలం ఎక్కడ ముగిసి ఊహ ఎక్కడ మొదలయిందో శ్రోతకు తెలియదు. సంగీతం విని ఆనందించేవారికి ఇది సమస్య కాదు. ఒక కథకుడి ఉచ్చారణను, యతిని, రాగాలాపనను అక్షరబద్ధం చేసే పరిశోధకుడికి మాత్రం ఇది ప్రామాణ్యానికి సంబంధించిన విషయం.

4. కిట్‌లోని భాగాలు:

సీడీ ప్లేయర్ కిట్‌లో ప్రధానంగా ఆరు భాగాలుంటాయి. 1. లేజర్ పికప్, డిస్కును తిప్పే మోటారు, పికప్‌ను జరిపే మోటారు గల చదివే యంత్రాంగం. 2. కిరణాన్ని రేఖపై నిలిపే సర్వో, గుంటల వరుసను సంఖ్యలుగా మార్చే డీకోడర్. 3. మీటలు, తెర, వాటిని నడిపే మైక్రోకంట్రోలర్. 4. విద్యుత్ సరఫరా. 5. సంఖ్యలను మళ్లీ విద్యుత్ తరంగంగా మార్చే డీఏసీ. 6. ఆ తరంగాన్ని ఆంప్లిఫయర్‌కు అందించే అవుట్‌పుట్ దశ.

అభిరుచి గలవారు విస్తృతంగా వాడిన యంత్రాంగాలలో ఫిలిప్స్ సంస్థ సీడీ-ప్రో2 ఒకటి. మొదటి రెండు భాగాలూ లోహపు చట్రంలో ఒకే మాడ్యూల్‌గా వస్తాయి. దానంతట అది పనిచేయదు. ఆజ్ఞలిచ్చే మైక్రోకంట్రోలర్‌నూ, విద్యుత్ సరఫరానూ నిర్మాత సమకూర్చుకోవాలి. డిస్కును పైనుంచి అమర్చి, అది జారకుండా బిళ్లతో అదిమి ఉంచాలి. ఇలా ప్రతి భాగం విడిగా కనిపించడం వల్ల లోపాన్ని గుర్తించడం, చెడిన భాగాన్ని మాత్రమే మార్చడం సులభమవుతుంది.

5. కూర్పు క్రమం:

కూర్పు విద్యుత్ సరఫరాతో మొదలుకావాలి. 230 వోల్టుల భాగంలో ఫ్యూజు, స్విచ్చి, లోహపు పెట్టెకు ఎర్త్ తప్పనిసరి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు ద్వారా ఇవ్వడం క్షేమం. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు ప్రకాశవంతంగా వెలిగి హెచ్చరిస్తుంది. సరఫరా బోర్డును ఇతర భాగాలకు కలపకముందే మల్టీమీటర్‌తో వోల్టేజిని సరిచూడాలి.

ఇక్కడ చిన్న లెక్క ఉపకరిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ 9 వోల్టులు ఇస్తే, బ్రిడ్జి రెక్టిఫయర్, కెపాసిటర్ దాటిన తర్వాత అది సుమారు 11.3 వోల్టులవుతుంది. 7805 రెగ్యులేటర్ దానిని 5 వోల్టులకు తగ్గిస్తే మిగిలిన 6.3 వోల్టులు వేడిగా మారాలి. అర ఆంపియరు కరెంటుకు ఆ వేడి 3 వాట్లకు పైమాటే. హీట్ సింక్ లేకపోతే రెగ్యులేటర్ వేడెక్కి తనను తాను ఆపుకుంటుంది. పాట మధ్యలో ప్లేయర్ ఆగిపోవడానికి డిస్కునో, లేజర్‌నో అనుమానించే ముందు ఈ భాగాన్ని పరీక్షించాలి.

లేజర్ పికప్ స్థిరవిద్యుత్తుకు సులభంగా దెబ్బతింటుంది. అనేక పికప్‌లలో లేజర్ డయోడు కాళ్లను కలుపుతూ తయారీదారులే చిన్న సోల్డర్ చుక్కను ఉంచుతారు. రిబ్బన్ కేబుల్‌ను బోర్డుకు అమర్చిన తర్వాతే దానిని తొలగించాలి. కిరణం కంటికి స్పష్టంగా కనిపించదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ప్లేయర్ నడుస్తుండగా లెన్సులోకి ఎన్నడూ చూడకూడదు.

6. సవరణలు - ఫలితాలు:

6.1 విద్యుత్ సరఫరా: మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటును లాగినప్పుడు సరఫరాలో ఒడుదొడుకులు వస్తాయి. అదే సరఫరా డీఏసీకి కూడా ఉంటే ఆ ఒడుదొడుకులు శబ్దంలోకి చేరే అవకాశం ఉంది. మోటార్లకూ, డీఏసీకీ వేర్వేరు వైండింగులు, వేర్వేరు రెగ్యులేటర్లు ఇవ్వడం తక్కువ ఖర్చుతో కూడిన హేతుబద్ధమైన సవరణ.

6.2 గడియార సంకేతం: సీడీ ప్లేయర్లలో 8.4672, 11.2896, 16.9344 మెగాహెర్ట్జ్ స్ఫటికాలు కనిపిస్తాయి. ఇవన్నీ 44.1 కిలోహెర్ట్జ్‌కు పూర్ణగుణిజాలే. సంఖ్య సరైనదైనా అది తరంగంగా మారే క్షణం ముందువెనుకలయితే తరంగం వికృతమవుతుంది. 20 కిలోహెర్ట్జ్ పూర్తిస్థాయి స్వరంలో ఆ దోషం 16 బిట్ల కనిష్ఠ ప్రమాణంలో సగాన్ని మించకూడదంటే కాలవిచలనం సుమారు 121 పికోసెకన్లలోపు ఉండాలి. స్ఫటికాన్ని డీఏసీకి దగ్గరగా ఉంచడం, దానికి నిశ్శబ్దమైన సరఫరా ఇవ్వడం ఈ లక్ష్యానికి తోడ్పడతాయి.

6.3 డిజిటల్ ఫిల్టర్ తొలగింపు: ఫిలిప్స్ తొలి ప్లేయర్లు నమూనాల రేటును నాలుగు రెట్లు, అంటే 176.4 కిలోహెర్ట్జ్‌కు పెంచి డీఏసీకి అందించేవి. ఈ దశను తొలగించి టీడీఏ1541 వంటి డీఏసీకి నేరుగా సంఖ్యలను అందించడం కొందరికి ప్రీతిపాత్రమైన సవరణ. దీనివల్ల పరికరం సరళమవుతుంది. అయితే 20 కిలోహెర్ట్జ్ వద్ద ధ్వని 3 డెసిబెల్‌లకు పైగా తగ్గుతుంది. 10 కిలోహెర్ట్జ్ స్వరానికి 34.1 కిలోహెర్ట్జ్ వద్ద ఛాయ ఏర్పడుతుంది. వినేవారికి ఆ ధ్వని మృదువుగా తోచవచ్చు. దానిని అభిరుచిగా స్వీకరించవచ్చు గాని, మూలానికి మరింత చేరువ కావడంగా భావించలేం.

6.4 అవుట్‌పుట్ దశ: ఎన్ఈ5532 స్థానంలో అదే కాళ్ల అమరిక గల ఓపీఏ2134ను ఉంచడం వంటి మార్పులు సులభం. సాకెట్ అమర్చుకుంటే పాత చిప్‌కు తిరిగి వెళ్లవచ్చు. వాల్వులతో కూడిన దశను చేర్చేవారు వాటికి అవసరమయ్యే అధిక వోల్టేజి విషయంలో అప్రమత్తంగా ఉండాలి.

6.5 లేజర్ శక్తిని పెంచడం: డిస్కును చదవలేని పికప్‌లో సర్దుబాటు స్క్రూను తిప్పి లేజర్ శక్తిని పెంచడం వాడుకలో ఉంది. ఇది డయోడు ఆయుష్షును తగ్గిస్తుంది. ముందుగా లెన్సును శుభ్రపరచాలి. డిస్కు రకాన్నీ గమనించాలి. ముద్రిత సీడీ కాంతిలో కనీసం 70 శాతాన్ని పరావర్తనం చేస్తే, తిరిగి రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ పరావర్తనం 15 నుంచి 25 శాతమే. పాత ప్లేయర్ దానిని చదవకపోవడానికి లేజర్ లోపమే కారణం కానక్కరలేదు.

6.6 దోషసూచిక: పరిశోధన దృష్టితో చూస్తే అన్నిటికంటే విలువైన సవరణ ఇదే. సోనీ సీఎక్స్‌డీ2500 శ్రేణి వంటి డీకోడర్లలో, సవరణకు లొంగని దోషం ఎదురైనప్పుడు సంకేతమిచ్చే పిన్ ఉంటుంది. ఆ సంకేతం అతిస్వల్పకాలికం. 555 టైమర్‌తో దాని వ్యవధిని పెంచి ఒక ఎల్ఈడీని వెలిగించవచ్చు. ఆ దీపం వెలిగినప్పుడు వినిపించేది మూలం కాకపోవచ్చు. గ్రంథపరిష్కర్త పెట్టే కుండలీకరణం వంటి గుర్తు ఇలా శ్రోతకు లభిస్తుంది. పాఠాన్ని రాసుకునే పరిశోధకుడు ఆ నిమిషాన్ని, సెకనును నమోదు చేసుకుని, మరో ప్రతితో సరిపోల్చుకోవచ్చు.

7. ఫలితాన్ని నిర్ధారించే విధానం:

సవరణ చేసిన వ్యక్తికి శబ్దం మెరుగైనట్లు తోచడం సహజం. స్వల్పంగా ఎక్కువ బిగ్గరగా ఉన్న శబ్దం చెవికి మెరుగ్గా వినిపిస్తుంది. అవుట్‌పుట్ 2 వోల్టుల నుంచి 2.2 వోల్టులకు పెరిగితే తేడా 0.8 డెసిబెల్‌లే అయినా, అది గుణభేదంగా భ్రమ కలిగించగలదు. అందువల్ల రెండు స్థితులనూ సమాన వోల్టేజికి సరిచేసి, ఏది మోగుతున్నదో తెలియకుండా విని, పలుమార్లు గుర్తించగలిగినప్పుడే తేడా ఉన్నట్లు నిర్ణయించాలి. ఒకసారి ఒక్క మార్పే చేయడం, ప్రతి మార్పునూ తేదీతో రాసుకోవడం, పాత భాగాలను పారవేయకపోవడం ఈ విధానానికి అంగాలు.

8. ముగింపు:

సీడీ ప్లేయర్‌లో చేసే సవరణలు రెండు తెగలు. చదవడాన్ని నమ్మదగినదిగా చేసేవి మొదటివి, చదివిన సంఖ్యలను శబ్దంగా మార్చే తీరును ప్రభావితం చేసేవి రెండోవి. డిస్కుపై లేని సమాచారాన్ని ఏ సవరణా సృష్టించలేదు. సేకరణలను శాశ్వతంగా భద్రపరచడానికి, ఒకేచోటును పలుమార్లు చదవగల కంప్యూటర్ డ్రైవ్ ద్వారా ప్రతి తీసుకోవడమే ఉత్తమం. రంగు పొరపై ఆధారపడిన రాసుకునే సీడీల విషయంలో ఆ పనిని వాయిదా వేయడం తగదు. స్వయంగా కూర్చిన ప్లేయర్ ఆ పనికి ప్రత్యామ్నాయం కాదు, దానికి తోడు. డిస్కును ఉన్నదున్నట్లు వినడానికి, చెడిన యంత్రాన్ని భాగాలవారీగా బాగుచేసుకోవడానికి, ఎక్కడ మూలం ఉందో ఎక్కడ పూరణ ఉందో గుర్తించడానికి అది ఉపకరిస్తుంది. మౌఖిక సాహిత్యాన్ని పాఠంగా స్థిరపరచే పరిశోధకులు తమ ఆధారప్రతిని పేర్కొన్నట్లే, దానిని వినిపించిన యంత్రాన్నీ, దోషసూచిక వెలిగిన స్థానాలనూ పేర్కొంటే, ఆ పాఠాన్ని తర్వాతివారు పరీక్షించగలుగుతారు.