పురుగుని పురుగుతోనే ఆపిన సైంటిస్ట్: హాన్స్ హెరెన్ కథ

సగ్గుబియ్యం పాయసం అందరం తినే ఉంటాం. ఆ సగ్గుబియ్యం కర్ర పెండలం దుంప నుంచి వస్తుంది. మన గోదావరి జిల్లాల్లో కూడా పండిస్తారు. మనకి అది పాయసం, అంతే. ఆఫ్రికాలో మాత్రం కోట్ల మందికి అదే రోజూ తినే తిండి. మరి ఆ పంటే పోతే?

1970ల మొదట్లో సరిగ్గా అదే మొదలైంది. కాంగో ప్రాంతంలో చేలల్లో తెల్లగా, పిండి చల్లినట్టు ఒక పురుగు కనిపించింది. దాన్నే పిండినల్లి అంటాం. అది మొక్క చిగుర్లలో రసం పీలుస్తుంది. ఆకులు ముడుచుకుపోతాయి, ఎదుగుదల ఆగిపోతుంది, దుంప ఊరదు. పైగా దీనికి మగ పురుగు అక్కర్లేదు. ఆడదే ఒంటరిగా పిల్లల్ని కనేస్తుంది. అంటే ఒక్క పురుగు చాలు, కొత్త ఊళ్లో కాపీ పేస్ట్ మొదలు! కొన్నేళ్లలోనే దేశాలు దాటేసింది.

"మందు కొడితే పోయేది కదా బ్రో" అంటారేమో. మూడు ప్రాబ్లమ్స్. ఒకటి, పురుగు ముడుచుకున్న ఆకుల్లో దాక్కుంటుంది, ఒంటి మీద మైనం పూత కూడా ఉంటుంది. రెండు, అక్కడి చిన్న రైతుల దగ్గర మందు కొనే డబ్బుల్లేవు. మూడు, కర్ర పెండలం ఆకుల్ని అక్కడ చాలా చోట్ల కూరగా వండుకుంటారు.

ఇక్కడ ఎంట్రీ ఇచ్చింది హాన్స్ హెరెన్. 1947లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన కీటక శాస్త్రవేత్త. 1979లో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో చేరారు. ఆయన అడిగిన ప్రశ్న సింపుల్: కర్ర పెండలం అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఈ పురుగు కూడా అక్కడిదే అయ్యుండాలి. మరి అక్కడ పంట ఎందుకు నాశనం కావట్లేదు? అక్కడ దాన్ని తినే శత్రువులున్నాయి. ఆఫ్రికాకి పురుగు వచ్చింది, శత్రువులు రాలేదు. అంతే తేడా.

సరే, వెతుకులాట మొదలైంది. ముందు దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో అచ్చం ఇలాంటి పిండినల్లే దొరికింది. కానీ దాని శత్రువులు ఆఫ్రికా పురుగు మీద పనిచేయలేదు. చూస్తే అది వేరే జాతి! తర్వాత ఆ జాతికి హెరెన్ పేరే పెట్టారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్నది ఒకటుంది: ఎర్రర్ చూడ్డానికి ఒకేలా ఉన్నా, బగ్ వేరే కావచ్చు. ఇక్కడా అదే జరిగింది.

1981లో టోనీ బెల్లోటి అనే మరో శాస్త్రవేత్తకి పరాగ్వేలో అసలు పురుగు దొరికింది. దాంతోపాటే దాని శత్రువూ దొరికింది. 2 మిల్లీమీటర్లు కూడా లేని చిన్న కందిరీగ. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపల్నుంచే పిండినల్లిని తినేసి, పెద్దదై బయటికొస్తుంది.

అయితే దాన్ని తెచ్చి డైరెక్ట్‌గా వదిలేయలేదు. 1935లో ఆస్ట్రేలియాలో చెరకు పురుగుల కోసం తెచ్చిన కప్పలు వాటిని అదుపు చేయలేదు సరికదా, ఇప్పటికీ ఆ దేశానికి తలనొప్పిగానే ఉన్నాయి. ఎందుకంటే అవి ఏది దొరికితే అది తింటాయి. కందిరీగ అలా కాదు, పిండినల్లి మీదే బతుకుతుంది. అయినా ముందు కర్ర పెండలం పండని ఇంగ్లాండ్‌లో విడిగా పెట్టి చూశాకే ఆఫ్రికాకి తెచ్చారు. 1981 చివర్లో నైజీరియాలో వదిలారు. తర్వాత విమానాల్లోంచి కూడా వదిలారు. 20కి పైగా దేశాల్లో అది నిలదొక్కుకుంది, పంట తేరుకుంది. సుమారు 2 కోట్ల ప్రాణాలు నిలిచాయని ఒక అంచనా. 1995లో హెరెన్‌కి వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. రైతు మాత్రం ఒక్క రూపాయి కట్టలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అదే పిండినల్లి 2020లో కేరళలో బయటపడింది, తర్వాత తమిళనాడుకీ పాకింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి అదే కందిరీగని తెప్పించి, పరీక్షించి, 2022లో తమిళనాడులో వదిలింది. పరాగ్వేలో దొరికిన పురుగు ఆఫ్రికా మీదుగా మన దాకా వచ్చిందన్నమాట!

నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, హెరెన్ "దీన్ని ఏ మందుతో చంపాలి?" అని మొదలుపెట్టలేదు. "దీన్ని ఇన్నాళ్లూ ఆపింది ఎవరు?" అని అడిగారు. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పురుగు కనపడగానే కొట్టే మందుకి మిత్ర పురుగులు కూడా చస్తాయి. కొట్టేముందు ఆకు తిప్పి చూడండి, ఎవరెవరున్నారో. మీ పొలంలో ఏ మిత్ర పురుగులు చూశారో కామెంట్లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!