పైసా అడగని లొకేషన్

బాన్సువాడ పల్లెల అందాన్ని 2017లో ‘ఫిదా’లో చూశాక, జానపద పాటకో షార్ట్ ఫిల్ముకో నిజామాబాద్ వైపు కెమెరా పట్టుకు రావాలనిపించడం సహజమే. బోధన్ దగ్గర చెరకు తోట దొరికి, రైతు పైసా అడగకపోతే బడ్జెట్ సగం తగ్గిందనిపిస్తుంది. కానీ చిన్న యూనిట్‌ను ముంచేది లొకేషన్ అద్దె కాదు, పెరిగే రోజులు. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ సుమారు 175 కిలోమీటర్లు. బస అక్కడే పెట్టుకున్నా బోధన్‌కు రోజూ రానూపోనూ మరో 50 దాకా. ఇరవై మందికి టిఫిను, రెండు పూటల భోజనం, టీలు కలిపి మనిషికి 350 రూపాయలు అనుకుందాం, రోజుకు 7,000. అనుకున్న పని ఒక్కరోజు మిగిలిపోతే ఈ 7,000 మీద గదులు, బండి కిరాయి, డ్రైవర్ బేటా, కెమెరా అద్దె మళ్లీ పడతాయి.

అందుకే మొదట తిండి ఖర్చు కోద్దామనే ఆలోచన నాకు మింగుడుపడదు. ఆ డబ్బుతో మంచి లెన్సు తెచ్చుకోవచ్చు కదా అంటారు. తేవచ్చు. అయితే భోజనం అరగంట ఆలస్యమైతే ఇరవై మందివి కలిపి పది గంటల పని పోయినట్టే. ఆ లోటును లెన్సు తీర్చదు. ఊళ్లోవాళ్లే వండి పెడతారులే అన్న ధీమా ఇంకొకటి. ఒక పూటకు మర్యాద, ఐదు రోజులకు అది వాళ్ల మీద భారం. సరుకులకూ వంటమనిషి కూలికీ ముందే డబ్బిచ్చి, అదే ఊళ్లో వండించుకుంటే బండి తిరుగుడు కూడా తగ్గుతుంది.

ఇక ఆ చెరకు తోట. 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ప్రాంతంలో చెరకు బాగా తగ్గింది, చాలామంది రైతులు వరికి మళ్లారు. తోట వెతకడానికే డీజిల్ కావాలి. దొరికినా, కోత మొదలయ్యాక రెండో షెడ్యూల్‌కు వస్తే అక్కడ మోళ్లే ఉంటాయి. తీసిన సీన్లు మళ్లీ తీయాలి. రైతు వద్దన్నా ఎంతోకొంత డబ్బిచ్చి, కోత తేదీ కనుక్కుని, తొక్కిన పైరుకు పరిహారం ఎంతో కాగితం మీద రాసుకోవడమే చవక. శక్కర్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీ గోడల దగ్గర తీయాలన్నా అంతే: గేటు దగ్గరి మాటసాయం చాలదు, అధికారుల రాతపూర్వక అనుమతి చేతికి వచ్చాకే బండి మాట్లాడుకోవాలి.