చేతికి ఎదురు తిరిగే స్టీరింగ్

1974లో అటారి సంస్థ ‘గ్రాన్ ట్రాక్ 10’ అనే ఆర్కేడ్ యంత్రాన్ని తెచ్చింది. దానికి స్టీరింగ్, గేరు, పెడళ్లు అన్నీ ఉన్నాయి. పైనుంచి చూస్తున్నట్టు తెర మీద చిన్న కారు కదిలేది. స్టీరింగ్ ఎటు తిప్పారో యంత్రానికి తెలిసేది గానీ, టైర్ల పరిస్థితి తిప్పేవారికి తెలిసే దారి లేదు. 1976లో సెగా ‘మోటో-క్రాస్’ ఆటలో బండి ఢీకొన్నప్పుడు హ్యాండిల్ వణికేలా చేసింది. దెబ్బ తగిలిందని చేతికి తెలిసింది. టైరుకు రోడ్డు మీద పట్టు ఎంత మిగిలిందో తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఎందుకంటే ముందుగా టైరును లెక్కల్లోకి దించాలి. 1980ల మధ్యలో ఇంగ్లండ్‌లో జెఫ్ క్రామండ్ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం ‘రెవ్స్’ రాశాడు. భౌతికశాస్త్రం చదివిన ఆయన సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీద ఫార్ములా 3 కారు ప్రవర్తనను ఆ చిన్న యంత్రంలో లెక్కగట్టించాడు. 1989లో అటారి ‘హార్డ్ డ్రైవిన్’ ఆ లెక్కను చేతి వరకూ తెచ్చింది. దానికి ఇగ్నిషన్ తాళం, క్లచ్ ఉన్నాయి. స్టీరింగ్ వెనకాల మోటారు ఉంది. కారు గణితంలో సాయపడినవాడు వాహన గతిశాస్త్ర నిపుణుడు డగ్ మిల్లికెన్. తండ్రి విలియంతో కలిసి ఆయన రాసిన రేసు కార్ల గ్రంథం 1995లో వెలువడి ఇంజినీర్లకు ప్రామాణికమైంది.

ఇంతకీ ఆ మోటారు చేతికి చెప్పేదేమిటి? ఆసుపత్రి స్ట్రెచర్‌ను తోసినప్పుడు దాని చిన్న చక్రాలు తమంతట తామే నడిచే దిక్కుకు తిరుగుతాయి. చక్రం నేలను తాకే చోటు, అది పక్కలకు తిరిగే నిలువు ఇరుసుకు కాస్త వెనకాల ఉండటమే కారణం. కారు ముందు టైరులోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. మలుపులో టైరు నేలను అంటుకున్న భాగం ముందు కొసన రబ్బరు ఇంకా సాగి ఉండదు. వెనక్కి వెళ్లేకొద్దీ పక్కకు సాగుతుంది. అందువల్ల టైరు పక్కకు లాగే బలం ఆ భాగం మధ్యలో కాకుండా కొంచెం వెనకాల పనిచేస్తుంది. ఈ ఎడాన్ని న్యూమాటిక్ ట్రెయిల్ అంటారు. స్టీరింగ్‌ను మళ్లీ తిన్నగా తెచ్చే బరువులో పెద్ద వాటా దీనిదే.

అసలు అద్భుతం దీని తర్వాత ఉంది. టైరు పట్టు చివరి హద్దుకు చేరేసరికి, సాగిన వెనక భాగం జారడం మొదలుపెడుతుంది. బలం పనిచేసే చోటు ముందుకు జరుగుతుంది, ఎడం తగ్గుతుంది. పట్టు పూర్తిగా పోకముందే స్టీరింగ్ తేలికవుతుంది. కారు ముందుభాగం జారబోతోందని డ్రైవరుకు చేరే హెచ్చరిక ఇదే. సిమ్యులేటర్ ఈ బలాలను ప్రతి సెకనులో ఎన్నోసార్లు లెక్కించి మోటారుకు పంపుతుంది.

1998లో మైక్రోసాఫ్ట్ ‘సైడ్‌వైండర్’ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టీరింగ్ ఇళ్లలోకి వచ్చింది. అదే ఏడాది అమెరికాలోని పపైరస్ సంస్థ ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ విడుదల చేసింది. రెక్కలు లేని 1967 నాటి కార్లు, జారిపోయే టైర్లు. నేర్చుకున్నవారికే లొంగే ఆట అది. దాన్ని రూపొందించిన డేవ్ కేమర్ తర్వాత ‘ఐరేసింగ్’ అనే సిమ్యులేటర్ సంస్థ స్థాపకుల్లో ఒకడయ్యాడు. 2006లో లాజిటెక్ జీ25 వచ్చింది. 900 డిగ్రీలు తిరిగే స్టీరింగ్, మూడు పెడళ్లు, గేరు కర్ర దాని ప్రత్యేకతలు. అందులో మోటారు బలం పళ్ల చక్రాల ద్వారా చేతికి అందేది. ఆ పళ్ల మధ్య సందులో సూక్ష్మమైన కబుర్లు కొన్ని పోయేవి. తర్వాత బెల్టు వాడారు, ఆ తర్వాత స్టీరింగ్‌ను నేరుగా మోటారు ఇరుసుకే బిగించారు. ఈ డైరెక్ట్ డ్రైవ్‌ను సామాన్యులకు దగ్గర చేసినవాటిలో 2021 నాటి ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీ ఒకటి. స్టీరింగ్ తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న స్టీరింగ్ అంచున 2 న్యూటన్ మీటర్లంటే సుమారు 1.4 కిలోల లాగుడు. 8 అంటే 5 కిలోలు దాటుతుంది.

ఈ విద్య నిజమైన ట్రాక్ మీద కూడా పనికొస్తుంది. 2011లో ‘గ్రాన్ టురిస్మో’ వీడియోగేమ్ ఆటగాళ్ల పోటీ జీటీ అకాడమీలో గెలిచిన బ్రిటన్ యువకుడు జాన్ మార్డెన్‌బరో, 2013లో ల మాన్ 24 గంటల రేసులో ఎల్ఎంపీ2 విభాగంలో తన జట్టుతో కలిసి మూడో స్థానం సాధించాడు.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు కుర్చీ, పెడళ్లు కదలకుండా బిగించుకోవాలి. కొనగలిగితే లోడ్ సెల్ ఉన్న బ్రేకు మేలు. పెడల్ ఎంత దూరం వెళ్లిందో కాకుండా ఎంత గట్టిగా నొక్కారో అది కొలుస్తుంది కాబట్టి, కాలు ఆ ఒత్తిడిని గుర్తుంచుకుంటుంది. స్టీరింగ్ బలాన్ని గరిష్ఠంగా పెట్టకండి. మోటారు ఇవ్వగలిగినదానికి మించి ఆట అడిగితే ఎత్తుపల్లాలన్నీ ఒకే బరువుగా మారి, ఆ విలువైన హెచ్చరిక మాయమవుతుంది. మాజ్డా ఎంఎక్స్-5 లాంటి తక్కువ శక్తి కారు, ఒకే ఒక ట్రాక్ ఎంచుకోండి. మలుపులో స్టీరింగ్ తేలికైన క్షణంలో ఇంకా తిప్పాలనిపిస్తుంది. అప్పుడు కొంచెం వెనక్కి తిప్పి, యాక్సిలరేటర్ తగ్గించి, బరువు మళ్లీ చేతికి వచ్చేదాకా ఆగండి. ఈ ఒక్కటీ అలవాటయ్యేదాకా ల్యాప్ టైము చూడనక్కర్లేదు.