సీసా మీద రాయని పదార్థం

కళ్లు మండనివి, సల్ఫేట్ లేనివి, పసిపిల్లల చర్మానికి సరిపడేవి అని రాసి ఉన్న షాంపూలను ఏరికోరి కొనేవాళ్లలో చాలామంది తమ చర్మం గురించి ముందే భయపడుతున్నవాళ్లు. మామూలు సబ్బు పడక, ఎవరో చెబితే ఖరీదు ఎక్కువైనా వీటికి మారినవాళ్లు. అలాంటివాళ్లలో కొందరికి కొన్ని నెలల తర్వాతో, కొన్నేళ్ల తర్వాతో కనురెప్పల మీద పొట్టు లేస్తుంది. చెవుల వెనక, మెడ మీద, నుదుటి పైన జుట్టు మొదలయ్యే అంచున ఎర్రబడి దురద పుడుతుంది. అనుమానం ముందు వంకాయ కూర మీదికి పోతుంది, తర్వాత బోరునీళ్ల మీదికి, కాటుక మీదికి, జుట్టుకు వేసుకున్న రంగు మీదికి. షాంపూ మీదికి మాత్రం పోదు. అది సున్నితమైనదని సీసా మీదే రాసి ఉంది కదా! ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ అది ఒక ప్రశ్నకు జవాబు, మనం దాన్ని మరో ప్రశ్నకు జవాబుగా తీసుకుంటున్నాం.

చర్మం రెండు వేర్వేరు దారుల్లో ఎదురుతిరుగుతుంది. మొదటిది ఒరుపు. ఘాటైన సబ్బు చర్మం పైపొరలోని కొవ్వును కడిగేస్తే ఎవరికైనా మంట పుడుతుంది. ఆ మంట ఆ పూటే తెలుస్తుంది, వాడకం తగ్గిస్తే తగ్గుతుంది. చర్మం సహజంగా కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది కాబట్టి ఈ ఒరుపు సహజమే. రెండోది అలర్జీ. ఇందులో ఒక చిన్న రసాయన అణువు చర్మంలోకి దూరి అక్కడి ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు పడడానికి పది రోజులు పట్టవచ్చు, పదేళ్లు వాడాక కూడా పడవచ్చు. ఒకసారి పడిందంటే చాలావరకు జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత అదే పదార్థం ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజులు ఆగి దద్దుర్లు వస్తాయి. ఆదివారం తలంటుకుంటే మంగళవారం దురద మొదలైతే ఆ రెండింటికీ ముడిపెట్టడం ఎవరికైనా కష్టమే. సున్నితం అనే మాట మొదటి దారికి సంబంధించినది. రెండో దారి గురించి అది ఏమీ చెప్పదు.

ఈ తేడా స్పష్టంగా కనిపించేది కోకామిడోప్రొపైల్ బీటైన్ అనే పదార్థంలో. పేరు నోరు తిరగనిదే అయినా ఈ రసాయనం దాదాపు ప్రతి ఇంటి స్నానాలగదిలోనూ ఉంటుంది. పిల్లల షాంపూలు, ముఖం కడుక్కునే జెల్, చేతులు కడుక్కునే లిక్విడ్ సబ్బు, సల్ఫేట్ లేదని చెప్పుకునే సీసాలు, కొన్ని టూత్‌పేస్టులు, ఇలా చాలావాటిలో నురగనిచ్చే పని దీనిదే. ఘాటైన సల్ఫేట్లతో కలిసినప్పుడు వాటి మంటను కూడా ఇది తగ్గిస్తుంది. కొబ్బరినూనె నుంచి వచ్చిందని గొప్పగా చెబుతారు. అది సగం నిజం. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలను పెట్రోలియం పరిశ్రమ నుంచి వచ్చే డైమిథైల్ అమైనో ప్రొపైల్ అమైన్ అనే ద్రవంతో కలిపి వేడిచేస్తారు. అప్పుడు అమిడోఅమైన్ తయారవుతుంది. దాన్ని క్లోరోఅసిటిక్ ఆమ్లపు లవణంతో కలిపితే చివరికి బీటైన్ వస్తుంది. ఏ వంటలోనూ వేసిన దినుసులన్నీ ఉడికి ఒకటైపోవు. ఇక్కడా మొదట వేసిన అమైన్ కొంత, మధ్యలో పుట్టిన అమిడోఅమైన్ కొంత అలాగే మిగిలిపోతాయి. మిగిలిన అమైన్‌ను వేడి మీద, గాలి ఒత్తిడి తగ్గించి లాగేయవచ్చు. అమిడోఅమైన్‌ను తగ్గించాలంటే క్లోరోఅసిటిక్ లవణాన్ని కాస్త ఎక్కువ వేయాలి. అప్పుడు మళ్లీ అది మిగులుతుంది, దాన్ని విరగ్గొట్టడానికి క్షారంలో మరికొంతసేపు వేడిమీద ఉంచాలి. ప్రతి అడుగుకూ సమయం, ఇంధనం, డబ్బు ఖర్చవుతాయి. శుభ్రమైన బీటైన్, అంత శుభ్రం కాని బీటైన్ రెండూ ఒకే పేరుతో అమ్ముడయ్యేది ఇందువల్లే.

ఈ బీటైన్ వల్ల అలర్జీ వచ్చిందన్న నివేదికలు 1980లలో యూరప్ చర్మవైద్యుల పత్రికల్లో కనిపించడం మొదలైంది. సెలూన్లలో రోజంతా తలలు రుద్దేవాళ్ల చేతుల మీద, వాడేవాళ్ల ముఖం, మెడ మీద ఈ దద్దుర్లు కనిపించాయి. 2004లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. అంతలో మరో సంగతి బయటపడింది. బీటైన్ పడని రోగుల చర్మం మీద బాగా శుద్ధిచేసిన బీటైన్‌ను పెట్టి చూస్తే చాలామందికి ఏమీ కాలేదు. అదే రోగులకు అమిడోఅమైన్‌నో, మొదటి అమైన్‌నో పెడితే ఎర్రగా పొంగింది. ఇటలీలో 1990లలో జరిగిన పరీక్షలు ఎక్కువగా మొదటి అమైన్ వైపు వేలు చూపాయి. అమెరికాలో జరిగినవి అమిడోఅమైన్‌ను పట్టుకున్నాయి. ఇద్దరు దోషుల్లో ఎవరిది పెద్ద పాపమన్న వాదన పరిశోధకుల మధ్య ఉంది. ఇద్దరూ మిగులు పదార్థాలే అన్న విషయంలో మాత్రం అంత వాదన లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బీటైన్ స్వయంగా సబ్బులాంటిదే కాబట్టి పరీక్షలో దాన్ని చర్మానికి అంటించినప్పుడు ఒరుపు వల్ల కూడా కాస్త ఎర్రబడవచ్చు. పాత లెక్కల్లో కొన్ని ఈ పొరపాటుతో పెరిగి ఉంటాయన్న విమర్శలో న్యాయం ఉంది. అయితే ఆ విమర్శ కొట్టేసేది బీటైన్ మీది నేరాన్నే గాని మిగుళ్ల మీది నేరాన్ని కాదు.

మిగులు ఇంత పని చేస్తుందా అనేవారికి అంతకుముందే నార్వేలో ఒక జవాబు దొరికింది. 1960లలో అక్కడ గిన్నెలు తోమే ఒక లిక్విడ్ వాడిన ఎంతోమందికి చేతుల మీద తీవ్రమైన దద్దుర్లు వచ్చాయి. అందులోని లారిల్ ఈథర్ సల్ఫేట్‌ను ప్రపంచమంతా ఏ గొడవా లేకుండా వాడుతోంది. తర్వాతి దశకంలో రసాయన శాస్త్రవేత్తలు ఆ సరుకును విడదీసి చూస్తే, అందులో సల్టోన్లనే పదార్థాలు బయటపడ్డాయి. సల్ఫేట్‌ను తెల్లబరచడానికి వాడిన హైపోక్లోరైట్ వాటిని పుట్టించింది. వాటిని ఎవరూ కావాలని కలపలేదు, ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. అవి అతి కొద్దిపాటిగానే ఉన్నా జనాన్ని అలర్జీపాలు చేయడానికి సరిపోయాయి. తయారీలో ఒక అడుగు మారితే మంచి పదార్థం కూడా చెడ్డదవుతుందని, పేరు చూసి దాని గుణం చెప్పలేమని ఆ ఉదంతం తేల్చింది.

మరి మనం చూసేది పేరునే కదా! సీసా వెనక కనీకనిపించని అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా తయారీదారు కావాలని కలిపినవాటి జాబితా. యూరప్‌లో 2009 నాటి సౌందర్య సాధనాల చట్టం ఈ మాటను దాచకుండా చెబుతుంది: ముడిపదార్థాల్లోని మలినాలు పదార్థాల కిందికి రావు. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు ఒక శాతానికి మించి ఉన్నవాటిని బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయమంటాయి. అది మంచి నియమమే. కానీ తయారీలో మిగిలిపోయినదాని గురించి కొనేవాడికి అందులో ఏమీ తెలియదు. ఇక అలర్జీ రానిదన్న అర్థమొచ్చే 'హైపో అలర్జెనిక్' అనే మాట సంగతి. 1975లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ మాట వాడాలంటే పరీక్షలు చేసి రుజువు చూపాలని నిబంధన తెచ్చింది. 1977 డిసెంబరులో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. నేటికీ ఆ దేశంలో ఆ మాటకు చట్టబద్ధమైన నిర్వచనం లేదు.

ఇంత చిన్న మోతాదు, అదీ నిమిషంలో కడిగేసేది, ఏం చేస్తుంది అన్నది బలమైన అభ్యంతరమే. అలర్జీ మొదటిసారి పడడానికి మోతాదు ముఖ్యం. కడిగేసేవాటి కంటే ఒంటి మీద ఉంచేసేవాటితో ప్రమాదం ఎక్కువ. అందుకే ఇది అందరికీ వచ్చే జబ్బు కాదు. అనుమానంతో పరీక్షకు వచ్చినవాళ్లలోనే వందకు కొద్దిమందికి ఇది తేలుతుంది. కానీ గుర్తు ఒకసారి పడిన చర్మానికి అతి కొంచెం చాలు. కనురెప్ప చర్మం ఒంటి మొత్తంలో పలచనిది, తల మీద పోసుకున్న నురగ దిగేది దాని మీదుగానే. బ్యూటీ పార్లర్లో పనిచేసే అమ్మాయికి కడిగేయడం అన్నదే లేదు. ఒక తల నురగ ఆరేలోగా మరో తల. ఇప్పటికే తామర, ఒరుపు, పగుళ్లు ఉన్న చర్మంలోకి ఏదైనా సులువుగా దూరుతుంది. వచ్చేది కొద్దిమందికే కావచ్చు. కానీ సున్నితమన్న మాట నమ్మి వచ్చినవాళ్లలో అలాంటి చర్మం ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఈ లెక్క ఓదార్పునివ్వదు.

మరి కుంకుడుకాయలకే తిరిగిపోదామా అంటారు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందులోని సాపోనిన్లు నూనె జిడ్డును బాగానే వదిలిస్తాయి, ఎండిపోయిన చర్మాన్ని మరింత ఎండబెడతాయి కూడా. ప్రకృతిలో పుట్టినదానికి అలర్జీ రాదనే హామీ లేదు. నిమ్మ, లావెండర్ లాంటి పరిమళ నూనెల్లోని లిమోనీన్, లినలూల్ గాలి తగిలి మారినప్పుడు అలర్జీ కారకాలవుతాయి. సల్ఫేట్లకూ బీటైన్‌కూ బదులుగా వచ్చిన, చక్కెర నుంచి తీసిన గ్లూకోసైడ్లు కూడా 2017లో అదే అమెరికన్ సొసైటీ జాబితాకెక్కాయి. ఒక పేరు చెడ్డదయితే మరో పేరుకు దూకడం వల్ల ఒరిగేది తక్కువ. కుంకుడుకాయకు ఒక్క మేలు మాత్రం నిస్సందేహంగా ఉంది: కాయలు నలగ్గొట్టి నీళ్లలో నానబెట్టినప్పుడు ఆ గిన్నెలో ఏముందో మనకు తెలుసు. పొడి ప్యాకెట్‌లో అమ్మే కుంకుడుకు అదీ లేదు.

మన దగ్గర ఈ జబ్బు ముదిరే దారి మరొకటి ఉంది. మెడ మీద ఎర్రబడితే తామర అనుకుని మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని రాసుకుంటారు. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, షాంపూ కొనసాగుతుంది, క్రీము ఆపగానే మళ్లీ వస్తుంది. ఇలా నెలలు గడిచేసరికి చర్మం పలచబడుతుంది, అసలు కారణం మాత్రం ఎక్కడిదక్కడే. తేల్చుకోవడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది. 1890లలో జర్మన్ చర్మవైద్యుడు యోసెఫ్ యాడస్సోన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అనుమానమున్న పదార్థాలను తగిన మోతాదులో పట్టీలుగా వీపుకు అంటించి 48 గంటలు ఉంచుతారు. తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు మరోసారి చూస్తారు. షాంపూను తెచ్చి నేరుగా పట్టీ కింద పెట్టకూడదు. అది ఎవరి చర్మాన్నైనా ఎర్రబరుస్తుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ, సబ్బు రేపర్లు కూడా, తీసుకెళ్లాలి. మామూలు పట్టీల వరుసలో బీటైన్, అమిడోఅమైన్, ఆ మొదటి అమైన్ లేకపోతే ఫలితం ఏమీ లేదని వచ్చినా సందేహం తీరదు. ఆ మూడింటినీ విడివిడిగా పెట్టగలరేమో డాక్టరును అడగడంలో తప్పులేదు. అమిడోఅమైన్ పడనివాళ్లు కండిషనర్లలో ఉండే స్టియరమిడోప్రొపైల్ డైమిథైల్ అమైన్‌తో కూడా జాగ్రత్తగా ఉండాలి. పేరు పొడవైనా దాని అల్లిక అదే.

మలినాన్ని సున్నా చేయడం ఏ కర్మాగారానికీ సాధ్యం కాదని పరిశ్రమ చెబుతుంది. అది నిజం, సున్నా ఎవరూ అడగడం లేదు. బీటైన్ పీపాలు షాంపూ కంపెనీకి చేరినప్పుడు వాటితోపాటు ఒక కాగితం వస్తుంది. అందులో ఎంత బీటైన్, ఎంత ఉప్పు ఉన్నాయో రాస్తారు, మిగిలిపోయిన అమైన్ ఏ హద్దు దాటకూడదో కూడా చాలా చోట్ల రాస్తారు. కొలిచే పద్ధతి ఉంది, కొలిచేవాళ్లూ ఉన్నారు. ఆ హద్దును చట్టం నిర్ణయించి, సున్నితం అని రాసుకునే ప్రతి సీసాకూ దాన్ని తప్పనిసరి చేసి, డాక్టరు అడిగిన రోజున ఆ అంకె చెప్పే బాధ్యతను కంపెనీ మీద పెడితే, కనురెప్పల మీద పొట్టు లేచిన మనిషి వంకాయ మానేసి, కాటుక మానేసి, నీళ్లు మార్చి నెలల తరబడి వెతుకుతున్నదానికి జవాబు ఒక ఫోన్ కాల్‌లో దొరుకుతుంది.