బరువు తగ్గలేదు, కానీ కండ కరిగిపోతోంది!



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల నుంచి మా ఆసుపత్రికి డయాలసిస్ కోసం వచ్చేవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, పిల్లల ఉద్యోగాల వల్ల ఊరు వదిలి వచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. "బరువు మామూలుగానే ఉంది కదండీ" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యం ఒక్కోసారి ప్రమాదానికి దారితీస్తుంది.

కాటా ఎందుకు మోసం చేస్తుంది?

కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది. మూడు కిలోల కండ కరిగి, మూడు లీటర్ల నీరు చేరితే కాటా మీద అంకె మారదు. అందుకే డయాలసిస్ పూర్తయ్యాక, వాపు లేనప్పుడు ఉండే 'డ్రై వెయిట్'నే మేము లెక్కలోకి తీసుకుంటాం. 60 కిలోల మనిషి తన ప్రయత్నం లేకుండానే మూడు నెలల్లో 3 కిలోలు, అంటే 5 శాతం తగ్గితే అది హెచ్చరిక. ఈ క్షీణతకు 2008లో అంతర్జాతీయ నిపుణులు 'ప్రొటీన్ ఎనర్జీ వేస్టింగ్' అని పేరు పెట్టారు.

మేము ఏమేమి చూస్తాం?

కణతలు గుంటపడ్డాయా, మెడ ఎముకలు పైకి తేలాయా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్చబడిందా అని పరీక్షిస్తాం. ఫిస్టులా లేని చేతి చుట్టుకొలత తీస్తాం. ఆకలి, వాంతులు, మెట్లెక్కే శక్తి గురించి అడుగుతాం. రక్తంలో ఆల్బుమిన్ 3.8 గ్రాముల కంటే తగ్గిందా అని చూస్తాం. అయితే ఇన్ఫెక్షన్ వల్ల కూడా అది తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పం.

ఒక ముఖ్య విషయం. క్రియాటినిన్ తగ్గిందని ఇంటివారు సంతోషిస్తారు. అది కండ నుంచి పుట్టే పదార్థం. తిండి తగ్గి, నీరసం పెరుగుతున్న రోగిలో అది తగ్గుతూ వస్తే కండ కరుగుతోందేమోనని అనుమానించాలి.

ఎందుకిలా జరుగుతుంది?

డయాలసిస్‌కు ముందు "పప్పు, మాంసం తగ్గించండి" అని డాక్టరుగారు చెప్పి ఉంటారు. డయాలసిస్ మొదలయ్యాక కూడా చాలా ఇళ్లలో అదే పథ్యం సాగుతుంది. కానీ ప్రతిసారీ యంత్రం ద్వారా కొంత అమైనో ఆమ్లం బయటికి పోతుంది. ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1.0 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల వారికి 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. దానికి తోడు నాలుగు గంటల డయాలసిస్, రానుపోను ట్రాఫిక్‌లో ఒక పూట భోజనం ఎగిరిపోతుంది. దారిలో కర్రీ పాయింట్ కూర తెచ్చుకుంటే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది.

మీరు చేయవలసినవి

• డయాలసిస్ రోజు ఇంటి నుంచి భోజనం కట్టించుకోండి. ఎప్పుడు తినాలో సిస్టర్‌ను అడగండి.
• గుడ్డు తెల్లసొన, చేప, చికెన్ ఎంత తినాలో, శాకాహారులైతే పప్పు, పనీర్ ఎంతో డైటీషియన్‌తో రాయించుకోండి. పొటాషియం, ఫాస్ఫరస్ చూసి వారు చెబుతారు.
• ప్రతి నెలా డ్రై వెయిట్ ఒక పుస్తకంలో రాసుకోండి.
• బట్టలు, ఉంగరం వదులైతే, ఆకలి మందగిస్తే వెంటనే చెప్పండి.

అలసి, చావు కోరుకున్న ఏలీయాకు దేవుని దూత ముందుగా రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆ బలంతోనే ఆయన దూర ప్రయాణం చేశాడు. మీ ఇంట్లో డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఈ రోజు ఏం తిన్నారో అడగండి. ప్రభువు వారికి బలమిచ్చును గాక!