నదీతీరంలో రాగి మంట: ఎలక్ట్రానిక్ వ్యర్థాల అక్రమ దహనం

'వ్యర్థం' అంటే ప్రయోజనం లేనిది. ఎలక్ట్రానిక్ పరికరాల విషయంలో ఈ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఆలేరు వంటి చిన్న పట్టణంలో పాడైన టీవీని, తెగిన ఛార్జరును ఇంటివారు వదిలించుకుంటారు. పాత సామాను కొనేవారి చేతిలో అవే తూకానికి వస్తాయి. ఆ తూకంలో వ్యాపారి ఎక్కువగా చూసేది రాగిని. నగరాల నదీతీరాల్లో పాత తీగల కుప్పలకు పెట్టే మంటలు కూడా ఆ రాగి కోసమే.

తీగపై ఉండే పీవీసీ తొడుగును కత్తితో ఒలవడం ఆలస్యమయ్యే పని; సన్నని తీగల విషయంలో దాదాపు అసాధ్యం. రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. కాబట్టి బహిరంగ మంటలో ప్లాస్టిక్ కాలిపోయి లోహం మిగులుతుంది. ఖర్చు అగ్గిపుల్ల మాత్రమే. అయితే పీవీసీలో క్లోరిన్ ఉంది. అది అరకొరగా కాలినప్పుడు డయాక్సిన్లు, ఫ్యూరాన్లు ఏర్పడతాయి. ఈ చర్యకు రాగి ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. అంటే ఏ లోహం కోసం మంట పెడుతున్నారో ఆ లోహమే విషాన్ని పెంచుతోంది. 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం అదుపు చేయదలచిన కాలుష్యకాలలో ఈ రెండూ ఉన్నాయి.

ఈ పనికి నదీతీరమే ఎందుకు? దీనికి ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ సమాధానం చెబుతుంది. ఇత్తడి సామానుకు పేరుపొందిన ఆ నగరంలో లోహం కరిగించే నైపుణ్యం ముందునుంచీ ఉంది. అక్కడ సర్క్యూట్ బోర్డులను కాల్చి, మిగిలిన బూడిదను నూరి, రామగంగ నీటిలో కడుగుతారు. బరువైన లోహపు రేణువులు అడుగున నిలుస్తాయి. తేలికైన మసి నీటితో కొట్టుకుపోతుంది. బోర్డుల టంకంలోని సీసం కొంత ఆ మసితోపాటే నదిలోకి చేరుతుంది. ఆ విధంగా నది కూడా కార్ఖానాలో ఒక పనిముట్టు అయింది. ఇసుక తిన్నెకు కాపలా ఉండదు, అద్దె కట్టనక్కరలేదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. 2017 మేలో రామగంగ తీరంలో ప్రమాదకర వ్యర్థాలు పడవేసేవారికి లక్ష రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. అంతకుముందే, 2012 మే నుంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై ప్రత్యేక నియమాలు అమల్లో ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నియమాల ప్రకారం ఉత్పత్తిదారులు నమోదైన పునశ్చక్రణ సంస్థల నుంచి ధ్రువపత్రాలు కొనాలి. బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం ఆ లెక్కలోకి వస్తాయి. రాగి విలువను చట్టం గుర్తించింది గాని, దానిని మొదట తూచిన తోపుడు బండిని గుర్తించలేదు. ఇది చిన్న లోపం కాదు. ప్రపంచ ఎలక్ట్రానిక్ వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో 6.2 కోట్ల టన్నుల వ్యర్థాలు పోగుపడితే, సక్రమంగా సేకరించినట్లు లెక్కకు అందినవి 22.3 శాతమే.

దండనతో మంట ఆరుతుందా అన్నదానికి ఘానా రాజధాని అక్రాలోని అగ్బోగ్‌బ్లోషీ అనుభవం ఉంది. ఓడా నది ఒడ్డున ఉన్న ఆ తుక్కు బజారులో 2014లో ప్యూర్ ఎర్త్ సంస్థ తీగలు ఒలిచే యంత్రాలు పెట్టించింది. లావు తీగలకు అవి పనికివచ్చాయి. సన్నవి మంటలోకే వెళ్లాయి. 2021 జూలైలో ప్రభుత్వం బజారునే ఖాళీ చేయించింది. పని ఆగలేదు, చుట్టుపక్కల ప్రాంతాలకు చెదిరింది.

ఆలేరు పేరులోనే ఏరు ఉంది. ఆ వాగు మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదు దాటిన మూసీ నీటిని భువనగిరి, నల్లగొండ రైతులు కత్వల ద్వారా వరి మడులకు మళ్లించుకుంటారు. సీసం వంటి లోహాలు కాలక్రమంలో విచ్ఛిన్నం కావు; ఒండ్రులో పేరుకుపోతాయి. నగరపు ఒడ్డున కడిగిన బూడిద ఎక్కడిదైనా దాని దారి పల్లపు పొలాలకే. ఆలేరులో తూకానికి అమ్మిన ఛార్జరు నమోదైన కేంద్రానికి చేరిందో, ఏ నది ఒడ్డునో కాలిందో అమ్మినవారికి తెలిపే ఏర్పాటు ప్రస్తుత నియమాలలో లేదు.